తోక లేని మాటలు

నాలుగున్నర గంట కొట్టారు. ఇంకొక్క గంట ఉంది, పదమూడో ప్రశ్న ఇంకా తెల్లగానే ఉంది, నల్లగొండ ఎండ కిటికీ చువ్వల్లోంచి దిగి సరిగ్గా ఆ తెల్ల జాగా మీదే వచ్చి కూర్చుంది, ఈమె ఏం రాస్తుందో చూద్దామన్నట్టు. మిగతావన్నీ ఎట్లాగో నింపేశాను, లీవ్ లెటరు రాశాను, ఖాళీలు పూరించాను, వ్యాసం ఆవు మీద వస్తుందనుకుంటే చెట్టు మీద వచ్చింది, అందరూ చేసే పనే నేనూ చేశాను, ఆవును తోలుకొచ్చి ఆ చెట్టుకు కట్టేశాను. వేళ్ల మీద లెక్క పెట్టుకుంటే అన్నీ కలిపి ఇరవై ఆరు మార్కులు, ఎంత దయగల సార్ దిద్దినా అంతకు మించి ఒక్కటి రాదు. ముప్పై ఐదు వస్తేనే పాసు. ఇక ఉన్నదల్లా ఈ పదమూడో ప్రశ్న, నౌన్‌గా ఒకసారి వెర్బ్‌గా ఒకసారి పనిచేసే ఐదు ఇంగ్లీషు మాటలు రాసి ఒక్కో మాటకు రెండు వాక్యాలు రాయాలి, వాక్యానికి ఒక మార్కు, మొత్తం పది. ఒక వాక్యం పోతే పోనీ, రెండు పోతే నేనే పోతాను. నౌన్ అంటే పేరు, వెర్బ్ అంటే పని, అంతవరకు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

బెంచీ మీద హాల్‌టికెట్ ఉంది, ఫ్యాను గాలికి ఎగరకుండా దాని మీద స్కేలు పెట్టాను. కోమల, భర్త యాదగిరి, వయసు నలభై ఒకటి. ఫొటోలో నోరు గట్టిగా మూసుకుని ఉన్నాను, మర్రిగూడ దిక్కు పుట్టిన మా ఈడు వాళ్లెవరూ ఫొటోలో పళ్లు కనబడనివ్వరు, మేం తాగిన ఫ్లోరైడు నీళ్ల గార మా పళ్ల మీదే ఉంటుంది. పేరేమో కోమల, నా అరచేతులు చూస్తే రోలు కూడా సిగ్గుపడుతుంది. పదిహేడేళ్లుగా మా ఊరి అంగన్‌వాడీలో ఆయాను, పొద్దున్నే ఇంటింటికీ పోయి పిల్లల్ని పిలుచుకు రావడం, ఊడ్వడం, వండడం, ముక్కులు తుడవడం, మధ్యాహ్నం జోకొట్టడం, ఇవన్నీ నావి. శ్రీవాణి టీచరుకు గురుకులంలో కొలువొచ్చింది, జూన్‌లో వెళ్లిపోతుంది. పది పాసైన ఆయా ఉంటే ఆ కుర్చీ ముందు ఆమెకే ఇస్తారు. లేకపోతే బయటి నుంచి ఎవరో వస్తారు, ఏ పిల్ల ఏ ఇంటిదో, ఎవరికి తుమ్మితే జలుబు, ఎవరికి తుమ్మకపోయినా జలుబు, అన్నీ నేనే వాళ్లకు నేర్పాలి, నేర్పి మళ్లీ గిన్నెల దగ్గరికే పోవాలి. యాదగిరి అయితే గొర్ల వెంట పోతూ ఊళ్లో కనబడ్డ ప్రతివాడికీ మా ఆమె టీచరైపోయినట్టే చెప్పేశాడు, ఇప్పుడు నేను ఫెయిలైతే ఆయన మందను ఏ దారిన తోలాలో నాకు తెలియదు. తెల్లారి బస్సెక్కించేటప్పుడు మాత్రం, "పాసైనా ఫెయిలైనా రాత్రికి రొట్టె నువ్వే జెయ్యాలె, యాదికుంచుకో" అన్నాడు. అది ఆయన ధైర్యం చెప్పే పద్ధతి.

ఇది మూడోసారి రాయడం. మొదటిసారి ముప్పై ఒకటి, పోయినసారి ముప్పై మూడు. ఆ పోయినసారి రెండు మార్కులు ఎక్కడ జారిపోయాయో నాకు బాగా తెలుసు, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, నవ్వూ వస్తుంది. అప్పుడూ ఇదే ప్రశ్న. ఇంగ్లీషులో వంట చేసే మనిషిని కుక్ అంటారు, వండడాన్నీ కుక్ అనే అంటారు. కాపలా మనిషి గార్డ్, కాపలా కాయడమూ గార్డే. దవాఖానలో నర్స్ ఉంటుంది, రోగిని చూసుకోవడమూ నర్సే. మనిషికీ ఆ మనిషి చేసే పనికీ ఒకటే మాట, ఎంత న్యాయమైన భాష అనుకున్నాను, మా ఊళ్లో కూడా నన్ను పేరు పెట్టి ఎవరు పిలుస్తారు, ఆయా అంటేనే నేను, నేను అంటేనే ఆ పని. అదే న్యాయం మీద పోయి, చదువు చెప్పడం టీచ్ కాబట్టి చెప్పే మనిషి కూడా టీచే అని గుండ్రటి అక్షరాలతో రాసేశాను, ఐ యామ్ ఎ టీచ్ అని. ఇంటికి పోయి, డిగ్రీ చదువుతున్న నా బిడ్డ సుస్మితకు గొప్పగా చెప్పాను. అది కడుపు పట్టుకుని నవ్వి, మంచం మీద దొర్లి నవ్వి, కళ్లు తుడుచుకుని లేచింది.

"టీచ్ కాదే అమ్మా, టీచర్. ఎనుక ఈ, ఆర్ వెట్టాలె."

"మరి కుక్కుకు లేదు గదనే."

"కుక్కుకు ఉండదు."

"ఎందుకుండదు? పెడితే ఏమైతది?"

"కుక్కర్ అయితది."

నేను పొయ్యి దిక్కు చూశాను, అది నిజంగానే అక్కడ కూర్చుని ఉంది, మూడు లీటర్లది, పిడి వదులైనది. టీచ్ చేసే మనిషికి రెండక్షరాల తోక తగిలిస్తే టీచరమ్మ అవుతుంది, కుర్చీ వస్తుంది, రిజిస్టరు వస్తుంది. వండే మనిషికి అదే తోక తగిలిస్తే గిన్నె అవుతుంది. ఆ రాత్రి రొట్టె చేస్తూ అదే తలుచుకుని నవ్వాను, నవ్వుతూనే మంకుపట్టు కూడా పట్టాను. నాకు ఆ రెండక్షరాలు కావాలి. నాకు రావలసినవే అవి, ఎవరినీ దానం అడగడం లేదు.

పక్క బెంచీలో సైదులు మోకాళ్లు బల్లకు తగిలి తంటాలు పడుతున్నాడు, ఏటీఎం దగ్గర కాపలా ఉంటాడు, బుర్ర మీసాలు, చిన్నపిల్లల బెంచీలో ఒంటెను కట్టేసినట్టు ఉన్నాడు. పదో తరగతి సర్టిఫికెట్ లేకపోతే కంపెనీ వాళ్లు తీసేస్తామన్నారట. ఓపెన్ పరీక్ష కదా, ఇక్కడ అందరం ఇట్లాంటి వాళ్లమే, తలకు రంగు వేసుకున్నవాళ్లు, మనవల్ని ఎత్తుకోవలసిన వాళ్లు, కళ్లద్దాలు మరిచిపోయి వచ్చినవాళ్లు. ఇన్విజిలేటర్ సార్ కూడా మమ్మల్ని అరే, ఒరే అనలేక, అండీ అనడానికి మనసొప్పక, అమ్మా, పెద్దమనిషీ అంటూ తిరుగుతున్నాడు.

సరే, మొదటి మాట కుక్, దానికి ఫికర్ లేదు. ఐ యామ్ ఎ కుక్. రెండోది, ఐ కుక్ ఫుడ్ ఫర్ ముప్పై రెండు చిల్డ్రన్, ముప్పై రెండును అంకెల్లో వేశాను, స్పెల్లింగుతో పేచీ ఉండదు. దిద్దే సార్‌కు ఇది రెండు మార్కుల పని, నాకు పదిహేడేళ్ల పని, కట్టెల పొయ్యి నుంచి గ్యాసు దాకా, పొగకు కళ్లు పోయినంత పనై పప్పులో నీళ్లు ఎక్కువయ్యాయో కన్నీళ్లు ఎక్కువయ్యాయో తెలియని రోజుల నుంచి. ఉప్పు పిసరు ఎక్కువైతే ముద్ద మింగకుండా బుగ్గలో దాచుకునే పిల్ల ఎవరో నాకు తెలుసు, గుడ్డులో పచ్చది తీసి పక్కవాడి కంచంలో వేసేవాడు ఎవడో తెలుసు. సుస్మిత నాకు ఇరవై మాటల పట్టీ రాసిచ్చింది, లవ్, డ్యాన్స్, డ్రీమ్, వాక్, టాక్, అన్నీ ఉన్నాయి అందులో. ఈ వయసులో ఐ లవ్ అని రాస్తే దిద్దే సార్ ఏమనుకుంటాడు, డ్యాన్స్ నా పెళ్లిలో కూడా చేయలేదు, వాక్‌కూ వర్క్‌కూ మధ్యలో ఏ అక్షరం నోరు మూసుకుంటుందో ఎప్పటికీ గుర్తుండదు. బట్టీ పట్టి రాయడం మొదటిసారి చేశాను, ముప్పై ఒకటి వచ్చాయి. అందుకే ఈసారి నాకు నేనే ఒక కట్టుబాటు పెట్టుకున్నాను, నా ఇంట్లో జరగని పని నా వాక్యంలో ఉండదు.

అసలు ఈ నౌను, వెర్బు సంగతి నా తలకెక్కించింది కూడా సుస్మితే, ఇంగ్లీషులో చెబితే ఎక్కలేదని ఒకరోజు పుస్తకం మూసేసి, "పొద్దుగాల రొట్టెల ఏం పెట్టుకుని తిన్నవే?" అంది. మామిడి తొక్కు అన్నాను. "నాయిన సైకిల్‌ను ఏం జేస్తడు?" తొక్కుతడు అన్నాను. "గంతే, గదే నౌను, గదే వెర్బు" అంది, అనేసి పోయి పండుకుంది, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర రాలేదు. ఎన్ని మాటలు, అన్నీ నా నోట్లోనే పెట్టుకుని ఎన్నడూ చూసుకోలేదు. కలుపు, చేన్లో అయితే పీకి పారేసేది, కంచంలో అయితే పప్పునూ అన్నాన్నీ ఒకటి చేసేది. చెప్పు, కాలికి వేసుకునేది ఒకటి, నోరు తెరవమనేది ఒకటి. అడుగు అంటే ముందుకు వేసేది, అడుగు అంటే ఎదుటివాడిని ప్రశ్న వేయమనేది, రెంటికీ ధైర్యమే కావాలి. తోడు, ఒంటరిగా ఉన్నప్పుడు కావలసింది, బాయి గట్టు మీద చేయవలసింది. ఊరు అంటే ఊరు, ఊరు అంటే బాయి అడుగున నీళ్లు మెల్లగా వచ్చి చేరడం, మా ఊళ్లో ఊరని బాయిలే ఎక్కువ. ఇంగ్లీషు వాళ్లేదో గొప్ప విద్య చేశారనుకున్నాను గానీ మా అవ్వ ఏ బడికీ పోకుండా పొద్దంతా అదే విద్య చేసింది. ఈ ప్రశ్న తెలుగు పరీక్షలో ఇచ్చి ఉంటే అదనంగా కాగితాలు అడిగేదాన్ని.

రెండో మాట వాటర్. ఇది సుస్మిత చెబితే నమ్మలేదు, నీళ్లు పని ఎట్లా అవుతుందే అన్నాను, వాటర్ ద షీప్ అంటే గొర్లకు నీళ్లు తాపడమట, తాపు అనే మాటే అక్కర్లేదట, ఉత్త నీళ్లు అంటే చాలట. చెప్పిన కాసేపటికి నాకు నవ్వొచ్చింది, నేను నమ్మకపోవడమేమిటి, మా మర్రిగూడ దిక్కు నీళ్లు ఎన్నడూ వస్తువు కాదు కదా, పనే కదా. బోరు నీళ్లు తాగితే ఎముకలు వంగుతాయని దవాఖాన వాళ్లు చెప్పిన ఏడాది నేను ఏడో తరగతి, మంచి నీళ్ల బాయి మూడు కిలోమీటర్లు, నెత్తి మీద ఒక బిందె, నడుము మీద ఒక బిందె, పొద్దున రెండు విడతలు పోయి వచ్చేసరికి బడి గంట అయిపోయేది, ఒకరోజు అయిపోయింది, వారం అయిపోయింది, తర్వాత బడే అయిపోయింది. మా బాపు బీరన్న ఎండాకాలం మందను కృష్ణా నది దిక్కు తోలుకుపోయేవాడు, వచ్చినప్పుడు నా కోసం ఒక పలక తెచ్చాడు, బడి మానేసిన పిల్లకు పలకెందుకని అమ్మ తిట్టింది, ఉంచుకోనీ అన్నాడు. మందలో ఏ గొర్రె తాగిందో ఏది తాగలేదో పేరుపేరునా తెలిసిన మనిషి, అన్నీ తాగినాకే తను దోసిలి పట్టేవాడు. ఇప్పుడు మా ఇంట్లో నల్లా తిప్పితే అదే కృష్ణ నీళ్లు, మా సెంటర్ పిల్లలు నవ్వితే పాలలాంటి పళ్లు, అవి చూస్తే నాకు అన్నం తినకపోయినా కడుపు నిండుతుంది. వాటర్ ఈజ్ ఇన్ ద ట్యాప్. మై ఫాదర్ వాటర్, దగ్గర ఆగాను, బాపు పోయి పదకొండేళ్లు, పోయినవాళ్ల పనులకు ఇంగ్లీషులో ఈ, డీ అని ఇంకో తోక ఉంది, అది పెట్టాలి. మై ఫాదర్ వాటర్డ్ ద షీప్. బడికి పోని మా బాపును ఇంగ్లీషు వాక్యంలో మొట్టమొదట కూర్చోబెట్టాను, నిటారుగా కూర్చున్నాడు.

మూడోది మిల్క్, మేక పాలు, మేకను పితకడం, రెండు నిమిషాల్లో అయిపోయింది. నాలుగోది వెయిట్ అనుకున్నాను, నెలకోసారి పిల్లల్ని తూచేది నేనే కదా, వెయిట్ ఆఫ్ ద చైల్డ్ అని రాశాను, ఐ వెయిట్ ద చిల్డ్రన్ అని కూడా రాసి, రాశాక ఎందుకో ఆ టీ అక్షరం కంట్లో నలకలా పడింది. తూచే మిషన్ను మేం వేయింగ్ మిషన్ అంటాం, వెయిటింగ్ మిషన్ అనం, అంటే పని చేసేటప్పుడు ఆ టీ దిగిపోతుందన్నమాట. రెండు వాక్యాలూ అడ్డంగా కొట్టేశాను. కొట్టేశాను గానీ మనసు ఆ మిషన్ మీద నుంచి దిగలేదు, ఎందుకంటే ఆ మిషన్ మీద మనీష నిలబడి ఉంది.

రెండేళ్ల కిందటి మాట. మనీషకు మూడున్నరేళ్లు, తల్లీతండ్రీ హైదరాబాదులో పనికి పోతే నాయనమ్మ దగ్గర పెరిగే పిల్ల, ఆ నాయనమ్మ నడుము మా నీళ్లకు వంగిపోయి గోడ పట్టుకుని కూర్చుంటుంది. రెండు నెలల్లో పిల్ల కిలో బరువు తగ్గింది. సూపర్‌వైజర్ మేడం తనిఖీకి వచ్చి, రిజిస్టరు మీద వేలు పెట్టి, ఈ పిల్ల బరువు ఎందుకు తగ్గింది అని అడిగింది. శ్రీవాణి టీచరు కాగితాలు తిప్పుతోంది, పాపం ఆమె చేరి మూడు వారాలే అయింది, మనీష ఎవరో కూడా సరిగ్గా తెలియదు. నేను గరిటె పట్టుకునే వాకిట్లోకి వచ్చాను. "మేడం, గా పిల్ల" అన్నానో లేదో, ఆమె తల కూడా ఎత్తలేదు. "నిన్నడగలేదు. నువ్వు ఆయావు. టీచర్ను చెప్పనియ్యి." శ్రీవాణి టీచరు నా దిక్కు ఒకసారి చూసి, జ్వరం వచ్చినట్టుంది మేడం అంది. జ్వరం అని ఎర్ర సిరాతో రాసుకుని మేడం జీపెక్కింది. నేను వెనక్కి పోయి పప్పు కలిపాను. ముప్పై రెండు కంచాల్లో ఒక్క మెతుకు కింద పడకుండా వడ్డించాను. ఆ రోజు నుంచి మనీషను నా పక్కనే కూర్చోబెట్టుకుని తినిపించాను, నాలుగు నెలల్లో కిలో మీద కిలో పెరిగింది, ఎందుకు తగ్గిందో ఎట్లా పెరిగిందో ఎవరూ అడగలేదు. పుస్తకంలో ఇప్పటికీ జ్వరమనే ఉంది. మేడం వచ్చిపోయిన మర్నాడే నేను నల్లగొండ బస్సెక్కి ఓపెన్ టెన్త్ ఫారం తెచ్చుకున్నాను.

సరే, వెయిట్ పోతే పోయింది, నాలుగోది హెల్ప్. ఐ నీడ్ హెల్ప్ అని రాయడానికి మనసు రాలేదు, టీచర్ నీడ్స్ హెల్ప్ అని రాశాను, అది నిజం. ఐ హెల్ప్ ద టీచర్, ఇదీ నిజమే. ఎనిమిది వాక్యాలు. ఇరవై ఆరూ ఎనిమిదీ ముప్పై నాలుగు. ఒక్క మార్కుకు గుమ్మంలో నిలబడ్డాను, ఇంకొక్క మాట కావాలి, ఐదూ పది అయింది, తల బోర్లించిన కుండలా ఉంది, ఏమీ కారడం లేదు. గార్డ్ రాద్దామంటే దాని స్పెల్లింగులో యూ ఎక్కడుందో తెలియదు, నర్స్ ఎస్‌తోనా సీతోనా గుర్తు రాదు.

అప్పుడే కాలి దగ్గర ఏదో పడింది. నాలుగు మడతల చీటీ. సైదులు సార్ దిక్కే చూస్తూ పెదాలు కదలకుండా, "అక్కా, అయిదు మాటలున్నయి, నువ్వు రాసుకొని ఇటు దొబ్బు" అన్నాడు. కిటికీ అవతల నుంచి ఎవరు విసిరారో, అది వాడికి అందక నా దగ్గర పడింది. సార్ ఇటు తిరిగాడు, నేను ఏమీ ఆలోచించకుండా దాని మీద కాలు వేశాను. "ఏందమ్మా, ఏమైంది?" అన్నాడు సార్. "ఏం లేదు సార్, చెప్పు జారింది" అన్నాను. ఆయన ఇంకో వరుసలోకి పోయాడు. ఐదు మాటలు నా అరికాలి కింద ఉన్నాయి, నాకు అందులో ఒక్కటి చాలు, కాలు పక్కకు తీసి కళ్లు దించితే అయిపోతుంది, జూన్‌లో కుర్చీ, తోక, యాదగిరి మీసం మెలేసుకోవడం, అన్నీ అయిపోతాయి. ఇక్కడ సగం మంది చేసేది అదే, వాళ్లను తప్పుబట్టడానికి నేనెవరిని, వాళ్ల కడుపులు వాళ్లవి. కాని ఎవరి మాటో తీసుకుని నేను ఆ కుర్చీలో కూర్చుంటే, రేపు మేడం వచ్చి ఏదైనా అడిగిన రోజున నేను కూడా జ్వరమనే చెబుతాను. తెలియకపోయినా చెబుతాను, అలవాటైపోతుంది. బొటనవేలితో ఆ చీటీని సైదులు దిక్కు నెట్టాను. "నీది నువ్వే ఉంచుకో తమ్మీ" అన్నాను. వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, వంగి తీసుకున్నాడు. నేను నా కాగితం ముందుకు లాక్కున్నాను.

ఇంకా ఏడు నిమిషాలు ఉన్నాయి. పిల్లలు పాట మధ్యలో మరిచిపోతే మొదటి నుంచి అందుకోండి అంటాను కదా, ఏమీ తోచక నేనూ ప్రశ్నపత్రాన్ని మొదటి గీత నుంచి చదవడం మొదలుపెట్టాను, సమయం మూడు గంటలు, మార్కులు వంద, ఆన్సర్ ఆల్ ద క్వశ్చన్స్. దాని కింద, రైట్ యువర్ ఆన్సర్స్ ఇన్ ద ఆన్సర్ బుక్. మూడు గంటలుగా నా మోచేతి కింద ఉన్న గీతలు అవి, చేయి తీసి మళ్లీ చదివాను. పైన ఉన్నది పని, జవాబు చెప్పమంటున్నారు. కింద ఉన్నది పేరు, జవాబు అంటున్నారు. ఒకే మాట, స్పెల్లింగు కూడా వాళ్లే అచ్చు వేసి ఇచ్చారు, పలకని డబ్ల్యూతో సహా. నాకు నవ్వొచ్చింది, నోటికి చేయి అడ్డం పెట్టుకోలేదు, గార పళ్లన్నీ బయటపెట్టే నవ్వాను. జవాబు చెప్పడం. చిన్నప్పుడు అమ్మ ఎదురు జవాబు చెప్పకు అనేది, పెళ్లయ్యాక అత్త అన్నది, ఆ తర్వాత ఊరూ, ఆఫీసూ అన్నాయి, అందరూ కలిసి నాకు ఈ ఒక్క పని మాత్రం వద్దన్నారు, ఇప్పుడు గవర్నమెంటు వాళ్లు కాగితం మీద అచ్చు వేసి మరీ చెప్పమంటున్నారు. ఆన్సర్ అని రాసి గీత గీశాను. నౌన్ వాక్యం దానంతట అదే వచ్చింది, ఫీవర్ ఈజ్ నాట్ ద ఆన్సర్. దిద్దే సార్‌కు ఏ ఫీవరో తెలియదు, తెలియకపోయినా తప్పు పట్టలేడు.

గంట కొట్టారు. బెంచీలు కదులుతున్నాయి, సైదులు కాగితాలకు దారం కడుతున్నాడు, సార్ వరుసగా తీసుకుంటూ నా బెంచీ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. "టైమైపోయిందమ్మా, ఇయ్యిగ." పదిహేడేళ్లుగా ఎవరు ఇయ్యి అన్నా ఇచ్చేశాను. "ఒక్క లైను సార్, జర ఆగుండ్రి. అడిగిండ్రు గదా, చెప్తున్న" అన్నాను. ఆయన ఏమనుకున్నాడో, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని నిలబడ్డాడు. నేను తొందరపడలేదు, ఒక్కో అక్షరం విడివిడిగా, గుండ్రంగా పెట్టాను. ఐ ఆన్సర్, మేడం, మనీష గేవ్ హర్ ఎగ్ టు హర్ గ్రాండ్‌మదర్ ఎవ్రీ డే.